రెండు గంటల రైలు, ఒక నవలిక: హారర్, ఫాంటసీ, రొమాన్స్‌లో మీకు నచ్చినవి, నచ్చనివి చెప్పండి

కాజీపేట సీజన్ టికెట్ (సోమవారం, రాత్రి 9:40)

నెలలో ఇరవై రోజులు కాజీపేటలో ఎక్కి సికింద్రాబాద్‌లో దిగుతా. 132 కిలోమీటర్లు. రైలు బుద్ధిగా నడిస్తే రెండు గంటలు, మౌలాలి దగ్గర సిగ్నల్ ఇవ్వకపోతే ఇంకో అరగంట. ఫోన్ చూసీ చూసీ కళ్లు మండుతున్నాయని రెండు నెలలుగా మళ్లీ పుస్తకాలు పట్టుకున్నా. లావు నవలతో కుదరడం లేదు. ఇవాళ భువనగిరిలో మూసిన పేజీ రేపు జనగామలో తెరిస్తే ఎవరు ఎవరికి బావమరిదో గుర్తుండదు. చిన్న కథ అయితే స్టేషన్ ఘన్‌పూర్ దాటకముందే అయిపోయి, మిగతా దారంతా పక్క సీటాయన రాజకీయాలు వినాల్సొస్తుంది. మధ్య సైజువి, అంటే నవలికలు కావాలి. ఎక్కగానే మొదలుపెట్టి దిగేలోపు ముగించేవి.

దయ్యాలు, మాయలు, ప్రేమలు. ఈ మూడే నాకిష్టం. జీవిత సత్యాలు ఆఫీసులో సరిపోయేంత దొరుకుతున్నాయి.

మొన్న జెకిల్ అండ్ హైడ్ చదివా. 1886 నాటిది. మోసపోయినట్టనిపించింది, కానీ తప్పు పుస్తకానిది కాదు. ఆ ఇద్దరూ ఒక్కడే అన్న సంగతిని రాసినాయన చివరి రెండు అధ్యాయాల దాకా దాచిపెట్టాడు. మనకేమో ఊహ తెలిసినప్పటి నుంచే తెలుసు. కథలో లాయరు ఒక్కో క్లూ పట్టుకుని బుర్ర గోక్కుంటుంటే, నేను సీట్లో కూర్చుని "ఇంకా అర్థం కాలేదా సార్" అనుకుంటూ పేజీలు తిప్పా.

నా అనుమానం ఇది. ఈ సైజు హారర్‌కు కొలత తీసి కుట్టినట్టుంటుంది. ప్రేమకు బిగుతు. ఫాంటసీకి అసలే చాలదు, రాజ్యం పేరూ ఏడు కొండల పేర్లూ చెప్పేసరికే ఆలేరు వచ్చేస్తుంది. తప్పయితే తిట్టండి.

సుబేదారి అక్క (సోమవారం, రాత్రి 10:05)

తిట్టను కానీ లెక్క చెప్తా. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ పుస్తకాలకు హ్యూగో అవార్డులు ఇచ్చేవాళ్లు 17,500 పదాల నుంచి 40,000 పదాల దాకా ఉన్నదాన్ని నవలిక కింద లెక్కేస్తారు. నేను నింపాదిగా చదివితే నిమిషానికి 150 పదాలు. రెండు గంటలకు 18,000. అంటే నవలిక మొదలయ్యే హద్దు దగ్గరే నీ రైలు ఆగిపోతుంది తమ్మీ. మౌలాలి సిగ్నల్‌కు దండం పెట్టుకో.

మన దగ్గర పదాలు లెక్కపెట్టిందెవరు? 1978లో మొదలైన చతుర మాసపత్రిక నెలకో నవల వేసేది. ఆ పుస్తకంలో పట్టినంతే నవల. ఆదివారం భోజనాలయ్యాక పట్టుకుంటే చాయ్ వేళకు అయిపోయేది. ఇంట్లో నేనూ మా ఆడపడుచూ ఒక్క కాపీ కోసం కొట్లాడుకుని, నడిమికి చింపి చెరి సగం చదివిన నెల కూడా ఉంది. ఆమెకు రెండో సగం పడింది, హంతకుడెవరో ముందే చెప్పేసింది. కొవిడ్ రోజుల్లో ఆ పత్రికా ఆగిపోయింది.

నా ఓటు కార్మిల్లాకు. 1872లో వచ్చింది, డ్రాకులా కంటే పాతికేళ్లు ముందు. అందులో రక్తం తాగేది కోరలున్న ముసలి జమీందారు కాదు, అందమైన పడుచుపిల్ల. ఇంకో అమ్మాయి ఉండే ఇంటి ముందు ఈ పడుచు వచ్చే బండికి ప్రమాదం జరుగుతుంది. తల్లినని చెప్పుకున్నావిడ నాకు ఆగడానికి వీల్లేని పని ఉందంటూ పిల్లను ఆ ఇంట్లో వదిలి వెళ్లిపోతుంది. నాకు అక్కడే భయమేసింది. ఎందుకంటే మనమైనా అదే చేస్తాం. ఆడపిల్ల, పైగా దెబ్బ తగిలింది, చీకటి పడింది, ఉండనియ్యండి అంటాం. దయ్యం గోడ దూకి రాలేదు, మర్యాద చేసి మనమే లోపలికి పిలిచాం. ఇక ఆ ఇద్దరమ్మాయిల మధ్య ఉన్నది భయమో ప్రేమో పుస్తకం అయిపోయాక కూడా తేలదు. నీ మూడు రకాల్లో రెండు ఒకే టికెట్ మీద.

బొగ్గుబాయి (సోమవారం, రాత్రి 10:22)

చీకటి సంగతి నేను చెప్తా. హారర్ పుస్తకాల్లో "చిమ్మచీకటి" అని రాస్తారు, వెంటనే ఆ చీకట్లో తెల్లచీర కనబడుతుంది. చిమ్మచీకట్లో తెల్లచీర ఎట్లా కనబడుతుందయ్యా. బాయిల దిగాక క్యాప్ ల్యాంప్ ఆపి చూడండి. మీ చెయ్యి మీ ముక్కుకు ఆనించినా కనబడదు. కళ్లు మూసినా తెరిచినా ఒకటే, కాసేపటికి మూశామో తెరిచామో మనకే అనుమానం వస్తుంది. అప్పుడు భయం కంట్లో ఉండదు, చెవిలోకి వస్తుంది. ఎక్కడో నీటి చుక్క పడుతుంది. పైకప్పుకు ఆనించిన టింబరు చిన్నగా కిర్రుమంటుంది. ఆ కిర్రు దేనిదో తెలిసినవాడికి దయ్యాలతో పనిలేదు.

అందుకే నాకు దయ్యం లేని భయమే నచ్చుతుంది. కేశవరెడ్డి గారి "అతడు అడవిని జయించాడు" చదవండి. పొద్దుగూకే వేళ ఒక ముసలాయన ఈనిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. మర్నాడు తెల్లారేసరికి పుస్తకం అయిపోతుంది. అంతే కథ. నేను నైట్ షిఫ్ట్ అయి ఇంటికొచ్చి మొదలుపెట్టి, నిద్ర ఆపుకుని ముగించా. రచయిత పుట్టింది చిత్తూరు జిల్లా అయినా డాక్టరుగా మన నిజామాబాద్ దిక్కే పనిచేశారు, డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో. పేషెంట్లను చూసిన కళ్లతోనే ఆ ముసలాయన్ను చూశారేమో అనిపిస్తుంది నాకు.

గిర్మాజీపేట గ్రాఫిక్స్ (సోమవారం, రాత్రి 10:30)

అన్నా అది హారర్ కాదు కదా. సీరియస్ సాహిత్యం.

బొగ్గుబాయి (సోమవారం, రాత్రి 10:34)

చదివేటప్పుడు చెమట పట్టిందా లేదా? పడితే హారరే తమ్మీ.

రాత్రి డ్యూటీ (మంగళవారం, తెల్లవారుజామున 2:50)

వార్డు కాస్త సద్దుమణిగింది, ఇప్పుడు రాస్తున్నా. నర్సుని. ఈ టైములో దయ్యాల చర్చ చదవడం నా తప్పే.

"టర్న్ ఆఫ్ ది స్క్రూ" ఎవరైనా చదివారా? 1898. ఊరికి దూరంగా పెద్ద బంగళా, ఇద్దరు పిల్లలు, వాళ్లకు చదువు చెప్పడానికి వచ్చిన టీచరమ్మ. చచ్చిపోయిన పాత పనివాడూ పాత టీచరూ ఆమెకు కనబడుతుంటారు. కిటికీ అవతల ఒకసారి, చెరువు ఒడ్డున ఒకసారి. ఆ బంగళా చూసుకునే పెద్దావిడ పక్కనే నిలబడి ఉంటుంది, ఆమెకు ఏమీ కనబడదు. పిల్లలకు కనబడుతున్నాయా, కనబడనట్టు నటిస్తున్నారా? లేక ఈమెకే మనసు బాగాలేదా? చివరి పేజీ దాకా తేల్చడు. వాక్యాలు బాగా పొడుగు, మధ్యలో రెండుసార్లు పక్కన పడేశా. మళ్లీ తీసేలా చేసింది మాత్రం ఆ అనుమానమే.

ఎందుకు నచ్చిందంటే, ఇదే సీన్ నేను నెలకోసారి చూస్తా. పోయిన వారం ఒక చిన్నపిల్లను తీసుకొచ్చారు, కళ్లు తేలేసి చేతులు కొట్టుకుంటోంది. నాయనమ్మ "గాలి సోకింది, మైసమ్మ గుడి దగ్గర నుంచి వచ్చినప్పటి సంది ఇట్లనే" అంటుంది. తల్లి ఏమీ అనదు, పిల్ల నుదుటి మీద విభూతి తుడిచేస్తూ నన్నే చూస్తుంది. ఒకే మంచం, రెండు కథలు. పుస్తకంలో అయితే రెండూ నిజమే అనుకుంటూ హాయిగా భయపడొచ్చు. ఇక్కడ రెండు నిమిషాల్లో ఇంజెక్షన్ పడాలి. ఫిట్స్. పొద్దునకు ఇడ్లీ అడిగింది.

హుజూరాబాద్ సైన్స్ సార్ (మంగళవారం, ఉదయం 7:15)

సిస్టర్ గారు రాసింది చదివాక ఆగలేకపోయా. ఇక్కడ అందరికీ హారర్ ముద్దొస్తోంది కాబట్టి ఒక చేదు మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి.

నా చిన్నప్పుడు మా వాడలో ఒక ముసలామె ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. పెరట్లో పెద్ద నిమ్మచెట్టు. గంపలో కాయలు పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్మేది. ఒక ఎండాకాలం పక్కింటి బర్రె ఈనలేక చచ్చింది, ఇంకో ఇంట్లో పిల్లగాడికి జ్వరం తగ్గలేదు. అదే రోజుల్లో ఊళ్లో ఒక వారపత్రిక చేతులు మారుతుండేది. అందులో క్షుద్రపూజల సీరియల్. చదువు రాని వాళ్లకు అరుగు మీద కూర్చుని చదివి వినిపించేవాళ్లు. ముగ్గు, బొమ్మ, సూదులు, నిమ్మకాయలు అన్నీ అందులో వివరంగా ఉండేవి. ఆమె గంపలోనూ నిమ్మకాయలే కదా. "బాణామతి" అన్న మాట మొదట ఎవరన్నారో తెలియదు. ఆమెను ఎవరూ కొట్టలేదు, అంతవరకు నయం. కానీ కాయలు కొనడం మానేశారు. ఆ ఎండాకాలమంతా చెట్టు కిందనే రాలి కుళ్లిపోయాయి. బడికి పోతుంటే పుల్లటి వాసన దారి దాకా వచ్చేది, మేము ముక్కు మూసుకుని పరిగెత్తేవాళ్లం. వానలు పడేనాటికి ఆమె తమ్ముడి ఊరికి వెళ్లిపోయింది.

యండమూరి క్షుద్ర నవల తులసిదళం వచ్చిన కాలంలో రంగనాయకమ్మ గారు దాని మీద ఏకంగా ఒక విమర్శ పుస్తకమే రాశారు. ఎందుకంత కోపమో అప్పుడు నాకు అర్థం కాలేదు. నిమ్మచెట్టు గుర్తొచ్చాక అర్థమైంది. మన హారర్‌లో మంత్రగాడు ఎప్పుడూ ఊరి చివర గుడిసెలోనే ఎందుకుంటాడు? నల్లగా, గడ్డంతో, పేదగా ఎందుకుంటాడు? మేడలో ఉండే మంత్రగాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

సుబేదారి అక్క (మంగళవారం, ఉదయం 8:02)

సార్, నిమ్మకాయల సంగతి చదివి కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. కానీ తులసిదళం నేను దుప్పటి కప్పుకుని వణుకుతూ చదివిన మాట కూడా నిజం. ఆ వణుకును ఇప్పుడు కాదనలేను. నేనెవరి మీదా అనుమానపడలేదు, రాత్రిపూట బాత్రూముకు మాత్రం ఒంటరిగా పోలేదు.

హుజూరాబాద్ సైన్స్ సార్ (మంగళవారం, మధ్యాహ్నం 1:20)

అక్కా, మీరు చదివింది తలుపులు వేసుకున్న ఇంట్లో. మా ఊళ్లో చదివింది అరుగు మీద, ఎదురుగా ఆమె ఇల్లు. తేడా అక్కడుంది. నేను నిషేధించమనడం లేదు. కార్మిల్లా గురించి మీరు చెప్పింది బాగుంది, అక్కడ దయ్యం గొప్పింటి పిల్ల, ఊళ్లో చచ్చేది పేదోళ్ల పిల్లలు. అట్లాంటిది తెలుగులో రాయమంటున్నా.

రాత్రి డ్యూటీ (మంగళవారం, రాత్రి 11:40)

సార్ మాటతో నా అభిప్రాయం కొంచెం మారింది. తేల్చకుండా వదిలేయడమే నాకు నచ్చిందన్నా కదా. ఊళ్లో కూడా ఎవరూ ఏదీ తేల్చరు. "ఏమో, ఉందో లేదో, మనకెందుకు, ఆమె దగ్గర కొనకు" అంటారు. ఆ టీచరమ్మ అనుమానం కూడా చివరికి ఒక పిల్లవాడి ప్రాణం మీదికే వచ్చింది. ఈ కోణంలో మళ్లీ చదవాలి, పొడుగు వాక్యాలను భరించైనా సరే.

కాజీపేట సీజన్ టికెట్ (బుధవారం, రాత్రి 8:55)

కాఫ్కా పురుగు కథ ఇవాళ అయిపోయింది, 1915 నాటిది, ఘట్‌కేసర్ దాకా పట్టింది. ఇది హారరా ఫాంటసీనా అని అడగను, చెమట మాత్రం పట్టింది. వాడు బట్టల శాంపిళ్లు పట్టుకుని ఊళ్లు తిరిగే సేల్స్‌మన్. పొద్దున లేచేసరికి పెద్ద పురుగై వెల్లకిలా పడి ఉంటాడు. అంత జరిగినా వాడి దిగులు ఐదు గంటల రైలు తప్పిపోయిందే, తర్వాతది ఏడింటికి కదా, ఆఫీసులో ఏం చెప్పాలి అని. పుస్తకం మూసి చుట్టూ చూశా. బోగీలో అందరూ వాడే. నేను కూడా.

చౌరస్తా అద్దెపుస్తకం (బుధవారం, రాత్రి 9:30)

ఫాంటసీకి చోటు చాలదన్న మొదటి మాట దగ్గరికి వస్తా. మీ తరం ఫాంటసీ అంటే మ్యాపు ఉండాలనుకుంటుంది. చందమామలో మాకు మ్యాపు ఎవరిచ్చారు? తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం. దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసేవారు, పేరు మాత్రం వేసేవారు కాదు. రాసిందెవరో పెద్దయ్యాక తెలిసింది మాకు. ఒక్కో నెల కొన్ని పేజీలు, చిత్రా గారి బొమ్మ. మాంత్రికుడంటే ఏమిటో చెప్పేవారు కాదు. ఒంటి కన్ను రాక్షసుడు ఎందుకు ఒంటి కన్నువాడో చెప్పేవారు కాదు. గుహ ఉంది, దూరు. అంతే. ఆ సీరియళ్లు ఇప్పుడు పుస్తకంగా చదివితే నీ రైలు లెక్కకు దాదాపు సరిపోతాయి.

చౌరస్తాలో అద్దె షాపు ఉండేది. రోజుకింత అని అద్దె, ముందు డిపాజిట్. చందమామ బైండ్ల అంచులు పిల్లల నూనె చేతులకు నల్లబడి ఉండేవి. రాక్షసుడి బొమ్మ ఉన్న పేజీ ఎవడో చింపుకుపోయేవాడు, ఎప్పుడూ అదే పేజీ.

ములుగు మోదుగుపువ్వు (బుధవారం, రాత్రి 9:58)

ఇంకో ఉదాహరణ నేనిస్తా. ఐనవోలు జాతరలో ఒగ్గు కథ విన్నారా? కథకుడు లేచి మల్లన్న పేరెత్తగానే ముందు కూర్చున్న అవ్వలు తలూపుతారు. మల్లన్న ఎవరు, కేతమ్మ ఎవరు అని పరిచయాలుండవు. భుజం మీది కండువా ముడేసి ఒళ్లో పెట్టుకుంటే పసిపిల్ల, అదే విప్పి గాల్లో తిప్పితే కొరడా. ఆ లోకం విన్నవాళ్ల తలలో ముందే కట్టి ఉంది, ఆయన దీపం పెడతాడంతే. అందుకే నేరుగా ఏడుపు దగ్గరికో నవ్వు దగ్గరికో పోగలడు.

పుస్తకంలో ఈ పని చేసింది విశ్వనాథ వారి "హాహా హూహూ". గుర్రం తలకాయ ఉన్న గంధర్వుడు లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. గంధర్వుడంటే ఎవరో మనకు చెప్పక్కర్లేదు, లండనూ తెలుసు. రెండు తెలిసినవాటిని ఒకదాని మీద ఇంకోటి పడేశాడు, అదే కొత్త. దొరలు ఆయన్ను పరీక్షలు చేస్తుంటారు, ఆయనేమో వీళ్లకేం తెలుసన్నట్టు చూస్తుంటాడు. విశ్వనాథ అనగానే భయపడి పారిపోయేవాళ్లు దీనితో మొదలుపెట్టండి, నవ్వుకుంటూ చదవొచ్చు.

గిర్మాజీపేట గ్రాఫిక్స్ (బుధవారం, రాత్రి 10:15)

అక్కా ఇదే పాయింట్! మనకు తెలిసిన లోకం అంటే మేడారం కదా. సమ్మక్క మీద ఒక ఫాంటసీ నవలిక ఊహించండి. కాకతీయుల సైన్యం, జంపన్న వాగు, చిలకలగుట్ట మీద ఆమె మాయమవడం. మ్యాజిక్ సిస్టం ఒకటి పెట్టి, ఆమె శక్తికి రూల్స్ రాసి, కవర్ నేనే వేస్తా.

ములుగు మోదుగుపువ్వు (బుధవారం, రాత్రి 10:41)

తమ్మీ, నువ్వు మంచి మనసుతోనే అన్నావు, నాకు తెలుసు. కానీ నీకు అది మ్యాజిక్ సిస్టం, మా ఇంట్లో మొక్కు. మా అమ్మ నన్ను తూకమేసి నా ఎత్తు బెల్లం ఇచ్చింది గద్దె మీద. బంగారం అంటాం దాన్ని, బెల్లం అనం. రెండేళ్లకోసారి మాఘమాసంలో ఆ కుంకుమ భరిణె గుట్ట దిగి వస్తుంటే చుట్టూ జనం ఎట్లా ఏడుస్తారో చూశావా? నువ్వు రూల్స్ రాస్తే ఆ శక్తి ఏ రూలు కిందికి వస్తుంది?

రాయొద్దని కాదు. కోయవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లేం చెప్పుకుంటారో విని రాయి. జాతర రోజున కాదు. జనమంతా వెళ్లిపోయాక, తడ్వాయి అడవి దారిలో బస్సు కూడా ఖాళీగా తిరిగే రోజుల్లో పో.

గిర్మాజీపేట గ్రాఫిక్స్ (బుధవారం, రాత్రి 11:02)

సారీ అక్కా. సిస్టం అనే మాట తీసేస్తున్నా. ఈసారి వెళ్తే నన్నూ తీసుకెళ్లండి.

సరే, నేను చదివిన మంచి ఫాంటసీ ప్రేమకథ చెప్తా, "దిస్ ఈజ్ హౌ యూ లూజ్ ది టైమ్ వార్". 2019లో వచ్చింది, 2020లో నవలిక విభాగంలో హ్యూగో. ఇద్దరు కలిసి రాశారు. కాలంలో ముందుకూ వెనక్కూ తిరుగుతూ యుద్ధం చేసే రెండు వర్గాలు, చెరో వైపు ఒక గూఢచారిణి, రెడ్, బ్లూ. ఒకరికొకరు ఉత్తరాలు వదులుతుంటారు. ఒక ఉత్తరం చెట్టు కాండం లోపలి వలయాల్లో ఉంటుంది! అంటే చెట్టు పెరుగుతుండగా ఏళ్ల తరబడి రాసిన ఉత్తరం. యుద్ధం ఎందుకో సరిగ్గా చెప్పరు. మొదటి 30 పేజీలు నాకు తలాతోకా అర్థం కాలేదు, ఉత్తరాల కోసం చదివా.

చౌరస్తా అద్దెపుస్తకం (గురువారం, ఉదయం 6:30)

అర్థం కాకపోయినా గుహలో దూరావు కదా. అదే నేను చెప్పింది.

కుట్టుమిషన్ (గురువారం, మధ్యాహ్నం 3:10)

ప్రేమ గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడటం లేదు, దయ్యాల మీద ఉన్న శ్రద్ధ దాని మీద లేదు.

మా అమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసేది. అట్ట మీద సీరియల్ పేరు పెన్నుతో. పేజీ వెనక సబ్బు ప్రకటనలో సగం మొహం, వంకాయ కూర ఎట్లా చెయ్యాలో సగం. ఒక ప్రేమ సీరియల్‌లో నడిమధ్య ఒక వారం లేదు, ఆ వారం పత్రిక మా ఊరికి రాలేదంట. ముందు వారంలో హీరోయిన్ అతని మొహం మీద తలుపు వేసేస్తుంది. తర్వాత వారంలో ఇద్దరూ రైలు స్టేషన్‌లో చాయ్ తాగుతుంటారు. ఆ తలుపు ఎట్లా తెరుచుకుందో మా అమ్మ ఒక రకంగా చెప్పేది, మా చిన్నమ్మ ఇంకో రకంగా చెప్పేది. అమ్మ కథలో అతను మూడు రోజులు వానలో నిలబడ్డాడు. చిన్నమ్మ కథలో ఈమే తెరిచింది, పాలవాడు వచ్చాడనుకుని. నాకు చిన్నమ్మదే నచ్చేది.

నేనూ ఒక యాప్‌లో ప్రేమకథలు రాశా కొన్నాళ్లు. నా కథకు ఇరవై భాగాలు చాలు. కానీ రోజుకో భాగం పడితేనే నలుగురి కళ్లలో పడతాం. సాగదీశా. హీరోయిన్‌కు రెండుసార్లు మతిమరుపు తెప్పించా, అత్తగారిని చంపి బతికించా. 94 భాగాలు! చదివేవాళ్లు బాగుంది బాగుంది అన్నారు, నాకే సిగ్గేసి ఆపేశా. అందుకే చెప్తున్నా అన్నా, ప్రేమకు ఈ సైజు బిగుతు కాదు. వదులైతేనే జారిపోతుంది. కొత్తగా కలిసిన ఇద్దరి మధ్య ఏమీ తేలని ఆ కొన్ని రోజులే కదా అసలు కథ. తేలాక ఉండేది సంసారం, దానికి పెద్ద నవల కావాలి.

సుబేదారి అక్క (గురువారం, సాయంత్రం 5:25)

పాలవాడు! మీ చిన్నమ్మను రచయిత్రిని చెయ్యాల్సింది.

చౌరస్తా అద్దెపుస్తకం (గురువారం, రాత్రి 8:10)

అమ్మాయి చెప్పిన "ఏమీ తేలని కొన్ని రోజులు" అంటే దాస్తొయెవ్‌స్కీ "శ్వేతరాత్రులు". 1848. నాలుగు రాత్రులు, ఒక ఉదయం. సోవియట్ రోజుల్లో తెలుగులో అచ్చయింది, "పేదజనం"తో కలిపి. నా దగ్గరుంది, అట్ట ఊడింది కానీ పేజీలన్నీ ఉన్నాయి. పీటర్స్‌బర్గ్‌లో ఎవరూ లేని ఒకడు, కాలువ గట్టున ఏడుస్తున్న ఒకమ్మాయి. ఆమెకు చూపులేని నాయనమ్మ. పిల్ల ఎక్కడికీ పోకుండా ఆమె గౌనును తన గౌనుకు పిన్నీసు పెట్టి కూర్చోబెట్టుకుంటుంది. నేను రష్యా చూడలేదు, ఆ పిన్నీసు మాత్రం మా వీధిలో చూశా, రకరకాలుగా.

సీజన్ టికెట్ తమ్ముడూ, నువ్వు రేపు పొద్దున రైలెక్కే ముందు దొరకవు కదా. హన్మకొండలో రాజరాజనరేంద్ర భాషానిలయం తెలుసా, 1904 నాటి లైబ్రరీ? నేను ఇంకో గంట అక్కడే బయట ఉంటా. వచ్చి పట్టుకుపో. అట్ట జాగ్రత్త.

కాజీపేట సీజన్ టికెట్ (గురువారం, రాత్రి 9:35)

తెచ్చుకున్నా సార్. చాయ్ కూడా తాగించారు, థ్యాంక్స్. రేపు పొద్దున ఆఫీసు లెక్కలు చూసుకోవాలి, వచ్చేటప్పుడు చదువుతా.

హుజూరాబాద్ సైన్స్ సార్ (శుక్రవారం, ఉదయం 7:00)

హారర్ గురించి నేను ఎక్కువ మాట్లాడి మూడ్ పాడుచేశానేమో. కేశవరెడ్డి గారిదే "మునెమ్మ" ఎవరూ చెప్పలేదు, అదీ మొదట చతురలోనే వచ్చింది. ఎద్దును అమ్మడానికి పోయిన మొగుడు రాడు, ఎద్దు ఒక్కటే తిరిగొస్తుంది. ఆమె ఆ ఎద్దును వెంటబెట్టుకుని బయల్దేరుతుంది. ఆ ఎద్దుకు అంత తెలుసా అంటే నా సైన్సు ఒప్పుకోదు. చదువుతున్నంతసేపు ఒప్పుకున్నా. ముగింపు మీద మాత్రం మా ఆవిడకూ నాకూ ఇప్పటికీ పడదు.

బొగ్గుబాయి (శుక్రవారం, మధ్యాహ్నం 2:45)

ఎద్దు సంగతి నిజమే సార్. మా నాయన ఎద్దు, బండి తోలే మనిషి కల్లు తాగి పడుకున్నా, బండిని ఇంటికి తెచ్చేది. అది ఫాంటసీ అంటే మా ఊళ్లో నవ్వుతారు.

కాజీపేట సీజన్ టికెట్ (శుక్రవారం, రాత్రి 9:18)

ఒక ఇబ్బందొచ్చింది. శ్వేతరాత్రులు సికింద్రాబాద్‌లో ఎక్కగానే తెరిచా. నాలుగో రాత్రిలో ఉన్నా. ఆమె కోసం ఎదురుచూసిన మనిషి వస్తాడా, వీడి చెయ్యి పట్టుకుంటుందా అన్న దగ్గర. ఎవరో "కాజీపేట, కాజీపేట" అన్నారు, విన్నా కూడా. దిగాలని కాళ్లకు చెప్పడం మర్చిపోయా. తలెత్తేసరికి రైలు కదిలి చాలాసేపైంది. ఇప్పుడు వరంగల్ స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చున్నా. ఇంకా ఏడు పేజీలున్నాయి. ఇంట్లో నుంచి మూడు ఫోన్లు వచ్చాయి.

సుబేదారి అక్క (శుక్రవారం, రాత్రి 9:21)

ప్రేమకు బిగుతు అన్నదెవరో కాస్త గుర్తుచేయండి ఎవరైనా.

గిర్మాజీపేట గ్రాఫిక్స్ (శుక్రవారం, రాత్రి 9:22)

అన్నా పది కిలోమీటర్లే కదా, మహబూబాబాద్ పోలేదు సంతోషించు.

కాజీపేట సీజన్ టికెట్ (శుక్రవారం, రాత్రి 9:30)

ఆటో అతను 250 అడుగుతున్నాడు. స్టేషన్ దగ్గర బండి మీద ఎవరైనా ఉన్నారా?

కుట్టుమిషన్ (శుక్రవారం, రాత్రి 9:33)

మా తమ్ముడు స్టేషన్ రోడ్డులోనే ఉన్నాడు, కాజీపేట దిక్కే వస్తున్నాడు. పంపుతా. కానీ పుస్తకం వాడి చేతికిచ్చి పంపు అన్నా, నా దగ్గర రెండు రోజులుంచుకుంటా. చౌరస్తా సార్‌కు నేను చెప్తా.

చౌరస్తా అద్దెపుస్తకం (శుక్రవారం, రాత్రి 9:36)

ముందు ఆ ఏడు పేజీలు చదవనియ్యమ్మా.